సముద్రం పక్క ఇంటికి పొన్న పెట్టండి, కానీ చిన్న మొక్కే పెట్టండి

త్వరగా పెరుగుతుందని ఎక్కడిదో కోనోకార్పస్ అనే మొక్క తెచ్చి ప్రహరీ పొడవునా పెట్టేస్తున్నారు. మన తీరంలోనే పుట్టి, గింజ సముద్రంలో తేలి వచ్చి ఒడ్డున మొలిచే పొన్నను మాత్రం అడిగేవాళ్లు లేరు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

పొన్నది నిదానపు ఎదుగుదల. అందుకని నర్సరీలో ఆరడుగుల మొక్క ఎంచుకుంటారు. అక్కడే చెడుతోంది. ఏళ్లతరబడి సంచిలో ఉన్న మొక్కకి వేరు అడుగున చుట్టుకుపోయి ఉంటుంది. నాటాక కూడా ఆ చుట్ట విడదు. లోతుకి దిగని చెట్టు గాలివానకి ఒరిగిపోతుంది. అడుగు ఎత్తు మొక్క చాలు, అదీ వేరు చూసుకుని.

గింజతో పెంచేవాళ్లు తాజా గింజే వాడండి. పెంకుతో పాతితే మొలకకి దాదాపు రెండు నెలలు పడుతుంది. పప్పుకి దెబ్బ తగలకుండా పెంకు తీసేస్తే మూడు వారాల్లో వస్తుంది.

వానల మొదట్లో నాటండి. గుంత రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. దాని నిండా ఎర్రమట్టి, పెంట పోయకండి. వేర్లు ఆ మెత్తదనంలోనే తిరుగుతూ బయటి ఇసుకలోకి పోవు. తవ్విన ఇసుకలోనే పావు వంతుకి మించకుండా మాగిన ఎరువు కలిపితే సరి.

ఇంక ఉప్పు. ముదిరిన పొన్న ఆకు దళసరిగా, నున్నగా ఉంటుంది, ఉప్పుగాలిని తట్టుకుంటుంది. లేత మొక్కకి ఆ బలం ఉండదు. ఆకులు మాడితే ముందు ఏ వైపువో చూడండి. సముద్రం వైపువే అంచుల నుంచి మాడితే గాలి దెబ్బ. మొదటి ఏడాది ఆ వైపు సందులున్న తాటాకు తడిక కట్టండి. చుట్టూరా మాడితే మీరు పోసే నీళ్లలోనే ఉప్పు ఉందన్నమాట. రోజూ చెంబెడు పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే పేరుకుంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు, వేరు కిందికి దిగేలా బాగా పెట్టండి. ఉప్పు విరగడానికని వేసే జిప్సం నీరు పట్టి ఉంచే బంకనేలకి పనికొస్తుంది, వట్టి ఇసుకలో దండగ.

గోడకి కనీసం ఇరవై అడుగుల దూరం ఉండాలి, కొమ్మలు బాగా పరుచుకుంటాయి. నడిచే దారి పక్కన వద్దు: గోలీల్లాంటి గట్టి కాయలు రాలి కాలు జారుతుంది. గింజ విషం, పిల్లల్ని ముట్టనివ్వకండి. కొమ్మ కోస్తే పాలు కారతాయి, కళ్లలో పడితే ప్రమాదం. చేతులకి తొడుగులు వేసుకుని, తలకి పైనున్న కొమ్మని పక్కకి నిలబడి కోయండి.