కలగలుపు గేర్ల ప్యాకెట్టు గారికి గోదావరి జిల్లాల నుంచి వినతి

మహారాజశ్రీ కలగలుపు ప్లాస్టిక్ గేర్ల ప్యాకెట్టు గారి దివ్యసముఖమునకు,

గోదావరి డెల్టాలో బుల్లి మోటార్లతో కుస్తీ పట్టేవాళ్లందరం కలిసి రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం, జిప్పు కవరులో హాయిగా ఉన్నారు. మా మెషీన్లే కుశలంగా లేవండి.

కవరు మీద 75 పీసులని గొప్పగా వేసుకుంటారు. కాదనం, లెక్క సరిపోతుంది. గేరన్నాక జతగా తిరగాలన్న సంగతి మాత్రం తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. రోజూ అక్కరకొచ్చే 8 పళ్లది ఒకటి వేస్తారు, ఏ పనికీ పెట్టలేని 60 పళ్ల పళ్లెం ఒకటి వేస్తారు, మిగతా చోటు కప్పీలతో నింపుతారు. మేం కప్పీలు అడిగామా అండి?

ముందు తమరి పేర్ల సంగతి. 182ఏ అని ఉంటే కొత్తవాడు 182 పళ్లనుకుంటాడు. కూర్చుని లెక్కపెడితే 18 తేలతాయి. తర్వాతి 2 ఇరుసు మందం, మిల్లీమీటర్లలో. ఏ అంటే రంధ్రం 1.95, ఇరుసు మీద బిగిసి దానితోపాటే తిరుగుతుంది. బి అంటే 2.05, ఇరుసు ఆగినా అది తిరుగుతుంది. ఈ ముక్క కవరు మీద వేయడానికి తమరికి చోటు దొరకలేదు. దాంతో బి గేరుని మోటారుకి తొడిగి, జారుతోందని ఫెవిక్విక్ పోసేవాళ్లు ఊరికి పదిమంది. తమరు చాలావరకు ఎసిటాల్. ఆ ప్లాస్టిక్‌కి జిగురు పట్టదు. పట్టాల్సిన చోట పట్టకపోగా, ఇరుసు వెంట పాకి బుష్‌లోకి దిగి మోటారుని పట్టేస్తుంది.

పోనీ ‘ఏ’ రకం గేరే వేశామనుకోండి, 8 పళ్ల దానికి పంటి సందు నుంచి రంధ్రం దాకా మిగిలే గోడ అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. బిగించి ఎక్కించిన కొన్నాళ్లకి సరిగ్గా ఆ సందులోనే నిలువునా నెర్రె విడుస్తుంది. ఆ సందు వెడల్పయి, చుట్టుకొకసారి టక్కుమంటుంది. ఆ చప్పుడు వినగానే జనం పెద్ద గేరు మార్చేస్తారు, చీలింది చిన్నదండి. అందుకే మోటారు మీద ఇత్తడి గేరే వేసుకోవాలి. అదే మాడ్యూల్, అంటే అదే పంటి సైజు‌లో విడిగా దొరుకుతుంది, వేడిని కూడా లాక్కుంటుంది. ఎక్కించేటప్పుడు సుత్తి జోలికి పోకుండా, ఇరుసు వెనక మొన కింద ఆధారం పెట్టి వైస్‌లో మెల్లగా నొక్కాలి. వెనక ప్లాస్టిక్ మూత మీద భారం పడితే బ్రష్షులు చెదురుతాయి.

ఇక సంబంధాల సంగతి. మనుషుల్లో గోత్రం ఒకటైతే పెళ్లి వద్దంటారు. తమరి వంశంలో మాడ్యూల్ ఒకటైతేనే పెళ్లి, మెటీరియల్ మాత్రం వేరైతే కాపురం చప్పుడు లేకుండా సాగుతుంది. ఎసిటాల్ మీద ఎసిటాల్ రాసుకుంటే కీచుమంటుంది, త్వరగా అరుగుతుంది. ఎసిటాల్‌కి నైలాన్‌నో ఇత్తడినో జత చేస్తే పేచీ ఉండదు. మాడ్యూల్ తెలియాలంటే వెర్నియర్‌తో బయటి కొలత తీసి, పళ్ల సంఖ్యకి 2 కలిపి భాగించాలి. 40 పళ్ల గేరు 21 మిల్లీమీటర్లుంటే మాడ్యూల్ 0.5. అదే 22.2 వచ్చిందంటే అది తమరి వంశం కాదు, రిమోటు కార్ల 48 డీపీ (అంగుళాల లెక్కలో పంటి సైజు), అంటే మాడ్యూల్ 0.529. చేత్తో తిప్పితే రెండూ చక్కగా కలిసినట్టే ఉంటాయి. మోటారు పెట్టి ఓ పూట తిప్పాకే తెల్లటి పొడి రాలుతుంది. కొలిచేది ఎప్పుడూ పెద్ద గేరునే. పంటి కోణం 20 డిగ్రీలున్న గేర్లలో పళ్లు 17కి తక్కువైతే పంటి మొదలు కోసుకుపోతుంది కాబట్టి, చేసేవాళ్లు చిన్న గేర్ల కొలత కాస్త జరుపుతారు. ఆ లెక్క నమ్మితే మునిగినట్టే.

ఇరుసుల మధ్య దూరం: రెండు గేర్ల పళ్లు కూడి, మాడ్యూల్‌తో గుణించి, సగం చేయాలి. 8కి 40 అయితే 12 మిల్లీమీటర్లు. పంటి మొత్తం లోతే 1.1 చిల్లర. అందులో డ్రిల్లు అర మిల్లీమీటరు పక్కకి పోతే పళ్లు కొసలతో కొరుక్కుంటాయి. మరీ దగ్గరైతే మోటారు మూలుగుతుంది. జిరాక్సు కాగితం సన్నగా చీల్చి పళ్ల మధ్య పెట్టి, దగ్గరకి నొక్కి బిగించి, తిప్పి తీయాలి. కాగితం మడతలు పడి, చిరక్కుండా వస్తే ఎడం సరిపోయినట్టు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ధవళేశ్వరం ఆనకట్ట మోడల్ లేని సైన్స్ ఫెయిర్ మా జిల్లాల్లో అరుదు. అసలు బ్యారేజీకి 175 గేట్లు. మోడల్లో ఒక్క గేటు లేపడానికే తమరు చతికిలపడతారు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాం, ఆయ్. బొమ్మల్లో ఉండే 130 సైజు మోటారు 3 వోల్టుల మీద నిమిషానికి పదివేల చుట్లకి అటూ ఇటూ తిరుగుతుంది. 8 పళ్లది 40 పళ్లదాన్ని తిప్పే జత ఒక మెట్టు, అక్కడ వేగం అయిదో వంతవుతుంది. అలాంటివి నాలుగు మెట్లు వేస్తే 625కి ఒకటి, చివరి ఇరుసు 16 చుట్లు. దాని మీద 10 మిల్లీమీటర్ల డ్రమ్ముకి దారం చుడితే 10 సెంటీమీటర్ల గేటు పన్నెండు సెకన్లలో లేస్తుంది. కాగితం మీద బ్రహ్మాండం. గేటు పైకెళ్లి కొయ్యకి తగిలింది, స్విచ్చి ఎవరూ ఆపలేదు. ఆగిన మోటారు తిప్పుడు బలం 25 గ్రాము-సెంటీమీటర్లనుకుందాం. 8 పళ్ల గేరు వ్యాసార్ధం 2 మిల్లీమీటర్లే కాబట్టి, మొదటి మెట్టు దగ్గర పంటి మీద పడేది 125 గ్రాములు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నాలుగో మెట్టు దగ్గర ఇరుసు బలం 125 రెట్లయి, రాపిడికి ఓ పావు వంతు పోయినా, ఒక్క పంటి మీద పదకొండు కిలోల పైమాటే. ఆ పన్ను వెడల్పు 2 మిల్లీమీటర్లు, మందం ఒకటి కూడా లేదు. తమరేమో మొదటి మెట్టుకీ చివరి మెట్టుకీ ఒకే మందం గేరు వేస్తారు!

గేర్లు ఎంచుకోవడం గేటు వైపు నుంచి మొదలుపెట్టాలి, మోటారు వైపు నుంచి కాదు. ఎంత బరువు, ఎంత డ్రమ్ము అన్నది తేల్చుకుని, చివరి మెట్టుకి మాడ్యూల్ 1, వెడల్పు 6 నుంచి 8, ఇరుసు 3 మిల్లీమీటర్ల ఉక్కు, అదీ రెండు వైపులా ఆధారంతో. ఒకవైపే పట్టి ఉంటే ఇరుసు వంగి పళ్లు పక్కకి ఎగబాకుతాయి. తమరి సన్న గేర్లు మొదటి రెండు మెట్లకి చాలు. లేదా 40 పళ్ల గేరుకి ఒంటి చుట్టు వర్మ్ (మర లాంటి గేరు) పెట్టేస్తే ఒకే మెట్టులో 40కి ఒకటి, కరెంటు పోయినా గేటు జారదు. గేటు తగలగానే మోటారుని ఆపే లిమిట్ స్విచ్చి ఒకటి పైన ఎలాగూ తప్పదు.

గ్రీజు సంగతి వేరే చెప్పాలి. మా కోనసీమలో సర్వరోగ నివారిణి కొబ్బరినూనె, దాన్ని తమరికీ పట్టిస్తారు. అది 24 డిగ్రీలకి గడ్డకడుతుంది. సంక్రాంతి పొద్దున్న మెషీన్ కదలకపోతే మోటారుని తిడతారు. ఎండాకాలానికి జిగటై దుమ్మంతా పట్టుకుంటుంది. అగ్గిపుల్ల తలంత సిలికాన్ గ్రీజు పళ్లకి రాస్తే చాలు.

మా గాలి కూడా తమరి లెక్కల్లో లేదు. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. 30 మిల్లీమీటర్ల గేరు 0.2 దాకా పెరుగుతుంది. భీమవరంలో ఏసీ గదిలో కాగితం పెట్టి బిగించిన మేత యంత్రం, రొయ్యల చెరువు గట్టు మీద కొన్ని వారాలకి బిగదీసుకుంటుంది. అక్కడ ఎసిటాలే మేలు. గేర్లు 3డీ ప్రింటరులో అచ్చు వేసుకుంటామనే వాళ్లకి మాడ్యూల్ 1కి తగ్గొద్దని మనవి. పీఎల్‌ఏ అనే ఆ ప్రింటరు ప్లాస్టిక్ 60 డిగ్రీలకి మెత్తబడుతుంది, రాజమండ్రి మే నెలలో మూసిన నల్ల డబ్బాకి అదేమంత దూరం కాదు.

అందుచేత తమరికి మా విన్నపం ఏమనగా: కవరు మీద మాడ్యూల్, పంటి కోణం, ప్లాస్టిక్ పేరు, రంధ్రం కొలత అచ్చు వేయించండి. 8 పళ్లవి ఆరు, 40 పళ్లవి నాలుగు వేయండి. కప్పీలు తమరి దగ్గరే ఉంచుకోండి.

ఇట్లు,
తమరి 60 పళ్ల గేరుని కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటున్న
డెల్టా బుల్లి మోటార్ల వాళ్లు

తా.క.: పళ్ల బద్ద ఒకటే వేశారు. గేటుకి రెండు పక్కలా కావాలండి. ఒకవైపే లాగితే ఏటవాలుగా లేచి గాడిలో ఇరుక్కుంటుంది. ఇంకోటి పంపగలరు.