నారికేళ న్యాయం

తర్కశాస్త్రం చచ్చిపోయిందన్నది ఎవరు? కల్యాణదుర్గం వైపు ఏ చేనికైనా పోండి, అరచేతిలో నిలబడి కనిపిస్తుంది. కొబ్బరికాయ అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తారు, అది లేచి నిలబడిన చోట బోరు వేస్తే నీళ్లు పడతాయని నమ్మకం. తర్కంలోని అయిదు మెట్ల వాదన ఇదిగో. ప్రతిజ్ఞ: ఇక్కడ నీళ్లున్నాయి. హేతువు: కొబ్బరికాయ లేచింది గనక. ఉదాహరణ: పోయినేడు పక్క చేన్లో లేస్తే రెండించులు పడ్డాయి. మిగిలిన రెండు మెట్లు, ఉపనయ నిగమనాలకు తీరిక లేదు, బోరు బండి వచ్చేసింది.

కాయ లేచినా ఎండిన బోర్లు ఎన్నని అడిగితే మీరు నాస్తికులు. లెక్కకు నాలుగు గడులు కావాలి: కాయ లేచి నీళ్లు పడ్డవి, లేచి పడనివి, లేవనిచోట పడ్డవి, పడనివి. మనకు మొదటి గడి చాలు. రెండోది ఎవరూ నింపరు. లేవనిచోట ఎవడూ తవ్వడు గనక మిగతా రెండూ ఎప్పుడూ ఖాళీయే.

ఆ తంతు చూడాలి! కాయ పట్టినాయన ముందు, ఊరు వెనక, ఇంజనీరింగు చదివిన కొడుకు సెల్లులో వీడియో. కాయ లేస్తుంది. మనిషికి తెలియకుండానే కండరాలు కదులుతాయని శరీరశాస్త్రవేత్త విలియం కార్పెంటర్ 1852లోనే చెప్పాడు గానీ, ఇంగ్లండు వాడికి మన ఎర్రనేల సంగతేం తెలుసు? నాలుగొందల అడుగుల దగ్గర దుమ్ము. "ఎవురో చెప్పులతో వచ్చినారప్పా." ఆరొందలు. "జలం తూర్పుకు తిరుక్కునింది." ఎనిమిదొందలు. "ఇంగొక యాభై దింపింటే పడేదే!" ఏం జరిగినా ఓడని మాటకు గెలుపు కూడా ఉండదని ఒక్కడికీ తట్టదు.

పరీక్ష చవకే. పది బిందెలు, ఒకదాంట్లో నీళ్లు, తక్కినవాటిలో ఇసుక, అన్నిటి మీదా గోనెపట్టలు. నీళ్లు పెట్టినవాడు అక్కడ ఉండకూడదు, వాడి మొహం చూసే చెప్పేయొచ్చు. చీటీలు తీసి చోటు మారుస్తూ పదిసార్లు. ఎన్ని తగిలితే గెలుపో ముందే రాసుకోవాలి. గుడ్డిగా చెప్పినా పదిసార్లలో ఒక్కటైనా తగిలే అవకాశం 65 శాతం, దానికే టపాకాయలు కాల్చొద్దు. బిందె నీళ్లు వేరు, పారే జలం వేరంటారా? 1990లో జర్మనీలోని కాసెల్‌లో, అర మీటరు లోతు పైపులో నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పమంటే, పుల్లలు పట్టి నీళ్లు కనిపెడతామన్న దాదాపు 30 మందీ కలిసి బొమ్మా బొరుసూ వేసినంతే చెప్పారు.

బోరు ఎండినా బండివాడికి అడుగు లెక్కన కట్టాల్సిందే. కాయ పట్టినవాడు ఫీజు వెనక్కివ్వడు. పుస్తెలు తాకట్టు పెట్టించి తవ్వించి, చివరికి "మీ ఇంట్లో ఆడమనిషి మైలతో తిరిగినట్టుంది" అని ఆ పుస్తెలు ఇచ్చినామె మీదే తప్పు తోస్తారే, వాళ్లకు సిగ్గుందా? అది విని తలూపే మనకుందా?