ఐదు గడుల్లో ఏదో ఒకటి టిక్కు పెట్టండి

"నా పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నేనే నిర్ణయించుకుంటాను." ఎదురుగా ఐదు గడులు. పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, చెప్పలేను, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను. ఏదో ఒక దాంట్లో టిక్కు పెట్టాలి. రెండింటిలో పెడితే ఆ కాగితం చెల్లదు. పక్కన ఖాళీలో ఏమైనా రాస్తే మీ చేతిరాత ఎవరూ చదవరు.

పని చేసుకుని బతికేవాళ్ల గుమ్మంలోకి సామాజిక శాస్త్రం దాదాపుగా ఈ కాగితం పట్టుకునే వస్తుంది. దీనికి మూలపురుషుడు రెన్సిస్ లికర్ట్ అనే అమెరికన్. మనుషుల అభిప్రాయాలను కొలవడానికి ఒక పద్ధతి ఉందని 1932లో ఒక వ్యాసం రాశాడు. పాపం, ఆయన మీద నాకు కోపమేమీ లేదు. ఆ ఐదు గడులకూ మనిషి మొత్తం సరిపోతాడని నమ్మి, ఆ నమ్మకం మీద డిపార్ట్‌మెంట్లు, జర్నళ్లు, ప్రమోషన్లు కట్టుకున్నవాళ్ల మీదే నా కోపమంతా.

ఒక్కసారి ఊహించుకోండి. రెడీమేడ్ బట్టలు కుట్టే ఫ్యాక్టరీ. వరసగా కుట్టుమిషన్లు, వాటి మీదికి వంగిన ఆడవాళ్లు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్‌తో పరిశోధకుడు వచ్చాడు. పరిశోధన అంశం: శ్రమ, మానవ ప్రవర్తన, సుస్థిర ఆర్థికాభివృద్ధి. మూడూ ఒకే పేపర్లోనే. సూపర్‌వైజర్ కూడా పక్కనే ఉన్నాడు, రెండడుగుల దూరంలో, చేతులు కట్టుకుని.

"అమ్మా, ఒక్క పది నిమిషాలు. మీరు చెప్పేది మూడో మనిషికి తెలియదు."

ఆమె మూడో మనిషి వైపు చూసింది.

"పది నిమిషాలకి నా పీసులు పోతాయి కదా సార్, అవి ఎవరు కుడతారు?"

"అది మా ప్రశ్నల్లో లేదమ్మా. మొదటిది, మీ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో మీరే నిర్ణయించుకుంటారా? ఒకటి నుంచి ఐదు."

"బాత్రూమ్‌కి పోవాలంటే టోకెన్ తీసుకోవాలి సార్. లైన్ మొత్తానికీ ఒకటే టోకెన్. ఇప్పుడది అటు చివర అమ్మాయి దగ్గరుంది."

"అంటే, మూడు వేసుకోమంటారా?"

"ఆ అమ్మాయి వచ్చాక వేసుకోండి సార్."

"సరే, మూడు. రెండోది. మీరు చేసే పనికి ఒక అర్థం, పరమార్థం ఉందని మీకు అనిపిస్తుందా?"

"కాలర్లు కుడతాను సార్."

"అదేనమ్మా, ఆ కాలర్లు కుట్టడంలో..."

"మెడ చుట్టూ ఉంటాయి సార్."

పరిశోధకుడు ట్యాబ్‌లో ఏదో నొక్కాడు. పరమార్థం: నాలుగు. "పోయిన నెలలో మీకు టెన్షన్ ఎన్నిసార్లు వచ్చినట్టనిపించింది? అస్సలు లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ?" ఆమె మళ్లీ సూపర్‌వైజర్ వైపు చూసింది. ఆయన ఎంతో ఆప్యాయంగా నవ్వాడు. "అరుదుగా సార్."

ఏడాదిన్నర తర్వాత పేపర్ వస్తుంది. కార్మికుల్లో ఒత్తిడి తక్కువగానే నమోదైందట. స్వయంనిర్ణయ భావన మాత్రం మధ్యస్థంగా ఉందట. దాన్ని పెంచడానికి రోజూ పది నిమిషాల శ్వాస వ్యాయామాలు, సానుకూల ఆలోచనపై శిక్షణ ఇవ్వాలని సిఫార్సు. ఆ టోకెన్ మాత్రం ఏ పట్టికలోనూ కనపడదు. రెండో టోకెన్ చేయించండి అని ఒక్క వాక్యం రాయడానికి ఎందుకో ఆ శాస్త్రానికి నోరు రాదు. ప్లాస్టిక్ బిళ్ల అండీ, ఎంతవుతుంది?

మనిషి తల లోపల వెతకడం ఈ శాస్త్రానికి పుట్టుకతోనే వచ్చిన అలవాటు. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా మొదట తగిలేది హాథార్న్ కథ. షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఫ్యాక్టరీ, 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు. లైట్ల వెలుగు పెంచితే ఉత్పత్తి పెరిగింది, తగ్గించినా పెరిగింది, కాబట్టి అసలు కారణం వెలుగు కాదు, తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న సంతోషమే అని తేల్చారు. ఎంత ముద్దుగా ఉందో చూడండి. దశాబ్దాల పాటు మేనేజర్లందరికీ క్లాసులో ఇదే చెప్పారు: జీతం సంగతి తర్వాత, ముందు భుజం తట్టండి.

పోయాయనుకున్న ఆ లైట్ల లెక్కలను స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్తలు వెతికి పట్టుకుని, 2011లో మళ్లీ లెక్కేసి ప్రచురించారు. లైట్లు మార్చింది ఆదివారాలట! సెలవు తర్వాత సోమవారం పని పెరిగింది. లైట్లు మార్చని వారాల్లో కూడా సోమవారం అలాగే పెరిగింది. ఒక రోజు పడుకుని లేచిన మనిషి కాస్త చురుగ్గా పని చేస్తాడన్న సంగతి కనిపెట్టడానికి ఎనభై ఏళ్లు పైన పట్టింది.

అంతకన్నా గొప్పది పక్క గదిలో జరిగింది. 1927లో ఐదుగురు అమ్మాయిలను విడిగా కూర్చోబెట్టి టెలిఫోన్ రిలేలు, అంటే టెలిఫోన్ వ్యవస్థలో వాడే చిన్న స్విచ్చులు, బిగించమన్నారు. మధ్యమధ్యలో విశ్రాంతి ఇచ్చారు. పని గంటలు తగ్గించి చూశారు. కూలి లెక్కను పెద్ద డిపార్ట్‌మెంట్ నుంచి విడదీసి ఈ చిన్న గుంపుకే కట్టారు, అంటే వీళ్లు ఎక్కువ చేస్తే ఆ డబ్బు వీళ్ల చేతికే వస్తుంది. ఉత్పత్తి పెరిగింది. విశ్రాంతి ఉంది, గంటలు తగ్గాయి, కూలి పెరిగే దారి దొరికింది. ఇవన్నీ కళ్లెదురుగా పెట్టుకుని పండితులు తేల్చిందేమిటయ్యా అంటే, స్నేహపూర్వకమైన పర్యవేక్షణ! మరి ఆ స్నేహపూర్వక పర్యవేక్షణలోనే 1928 మొదట్లో ఇద్దరమ్మాయిలను, ఎక్కువ మాట్లాడుతున్నారు, సహకరించట్లేదు అని తీసేసి, వాళ్ల చోట చురుకైన ఇద్దరిని కూర్చోబెట్టారు. నచ్చని శాంపిల్‌ను ఇంటికి పంపి, మిగిలిన శాంపిల్ ఎంత ఆనందంగా ఉందో రాసుకోవడం. ఇంతకన్నా స్వచ్ఛమైన పద్ధతి నాకైతే తెలియదు. 1978లో ఫ్రాంకీ, కాల్ అనే ఇద్దరు ఆ అంకెలనే మళ్లీ జల్లెడ పడితే క్రమశిక్షణ, ఆర్థిక మాంద్యం, విశ్రాంతి సమయం ముందుకొచ్చాయి. ఆప్యాయత ఎక్కడో వెనక బెంచీలో ఉంది. అయినా క్లాసులో ఇప్పటికీ ఆప్యాయత పాఠమే నడుస్తోంది, ఎందుకంటే అది ఫ్రీగా వస్తుంది. విశ్రాంతికి డబ్బులవుతాయి.

అందుకే ఇప్పుడు ఆఫీసుల్లో వెల్‌నెస్ వచ్చింది. ధ్యానం యాప్, నిద్ర యాప్, ఒత్తిడిని తట్టుకోవడంపై వెబినార్ (అదీ పని వేళలయ్యాకే). వీటి వల్ల ఏమైనా ఒరిగిందా అని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన విలియం ఫ్లెమింగ్ చూశాడు. బ్రిటన్‌లో 233 సంస్థలు, 46,336 మంది ఉద్యోగులు. 2024లో ప్రచురించాడు. ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లు పాల్గొననివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ లేరు. కాస్తో కూస్తో మేలు కనిపించింది స్వచ్ఛంద సేవకు వెళ్లిన వాళ్లలోనే. అంటే ఆ ఆఫీసులోంచి కాసేపు బయటపడ్డవాళ్లలో అన్నమాట. (ఈ వ్యాఖ్యానం నాది, ఫ్లెమింగ్‌ది కాదు. ఆయన మర్యాదస్తుడు.)

మనిషి ప్రవర్తనను చిన్నచిన్న కిటుకులతో మార్చేస్తామనే వాళ్ల సంగతి చెప్పబోతే అదో పెద్ద భారతం. ఫారం చివర కాకుండా పైన సంతకం పెట్టిస్తే జనం నిజాలే రాస్తారని 2012లో ఒక పేపర్ వచ్చింది. ప్రభుత్వాలు కూడా ఆశపడ్డాయి. అందులో వాడిన బీమా కంపెనీ డేటా కల్పితమని తేలి 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీద పేపర్ అండీ అది. నేనింకేమీ అనను.

ఈ శాస్త్రం మనిషి, మనిషి అంటుందే, ఆ మనిషి ఎవరో కూడా చూడాలి. ప్రధాన మనస్తత్వశాస్త్ర జర్నళ్లలో పరిశోధనకు ఎక్కినవాళ్లలో 96 శాతం మంది, ప్రపంచ జనాభాలో 12 శాతం మాత్రమే ఉన్న దేశాల వాళ్లని హెన్రిచ్, హైన్, నోరెన్‌జయాన్ 2010లో ఎత్తి చూపారు. వాళ్లలోనూ చాలామంది కాలేజీ విద్యార్థులు. మరోవైపు ప్రపంచంలో పని చేసేవాళ్లలో సగానికి పైగా, సుమారు 200 కోట్ల మంది, అసంఘటిత రంగంలోనే ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క చెప్పింది. ఉద్యోగం అనే మాట తన జీవితంలో కాగితం మీద చూడని మనిషికి, ఉద్యోగం ఇంకా చేయని సైకాలజీ విద్యార్థి ప్రతినిధి!

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ఇచ్చాయి. వారానికి 55 గంటలు, ఆపైన పని చేయడం వల్ల 2016 ఒక్క ఏడాదిలో పక్షవాతం, గుండెజబ్బులతో 7 లక్షల 45 వేల మంది చనిపోయారు. 35-40 గంటలు పని చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. వీళ్లెవరూ ఆలోచన సానుకూలంగా లేక చావలేదు. పని ఎక్కువై చచ్చిపోయారు. దీనికి మందేమిటో అందరికీ తెలుసు, గంటలు తగ్గించాలి. ఐస్‌లాండ్‌లో 2015 నుంచి 2019 దాకా సుమారు 2,500 మందికి జీతం కోయకుండా వారానికి 40 గంటల నుంచి 35-36కి తగ్గించి చూశారు కూడా. చాలా చోట్ల పని తగ్గలేదు, మనుషులు తెరిపిన పడ్డారు. ఇంత తెలిసీ, చావుల లెక్క చేతిలో ఉండీ, ఇంకా ఎవడో ఒకడు వచ్చి "ఒత్తిడిని మీరు ఎలా స్వీకరిస్తున్నారు" అని అడుగుతుంటే సిగ్గుగా లేదా? గుండె ఆగిపోతున్నవాడిని, ఆగిపోవడం పట్ల మీ దృక్పథమేమిటి అని అడుగుతారా? ఆ అడిగిన దానికి నిధులిచ్చిందెవరో, ఫ్యాక్టరీ గేటు లోపలికి రానిచ్చిందెవరో పేపర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. లోపలికి రానిచ్చినవాడికి ఇబ్బంది కలిగే ప్రశ్న అడిగితే రెండోసారి రానివ్వడు. ఇందులో పెద్ద సిద్ధాంతమేమీ లేదు.

ఇక సుస్థిరాభివృద్ధి. 2015లో ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉప లక్ష్యాలు పెట్టుకుంది. ఎనిమిదోది గౌరవప్రదమైన పని, ఆర్థిక వృద్ధి. బాగా వెనకబడ్డ దేశాలు ఏటా కనీసం 7 శాతం పెరగాలి, పర్యావరణం పాడవకూడదు, అందరికీ మంచి పని దొరకాలి, అన్నీ ఒకే లక్ష్యం కింద, ఒకే రంగు డబ్బాలో. అందులో 8.7 ఏమంటుందంటే, 2025 కల్లా బాల కార్మికులు ఏ రూపంలోనూ ఉండకూడదు. ఆ 2025 రానే వచ్చింది. ఆ ఏడాదే యునిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం 2024లో ఇంకా 13.8 కోట్ల మంది పిల్లలు పనిలోనే ఉన్నారు. తగ్గారు, ఒప్పుకుంటాను, ఇరవై ఏళ్ల కింద ఇంకా చాలా ఎక్కువ ఉండేవాళ్లు. కానీ ఈ పిల్లల గురించి కూడా తల్లిదండ్రుల ప్రవర్తనను కొలిచే అధ్యయనం చేపడతారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. చదువు విలువ మీకు తెలుసా? ఒకటి నుంచి ఐదు. వాళ్లకి తెలుసండీ. తెలియనిది రేపటి కూలి వస్తుందో రాదో.

పరిశోధనే వద్దంటున్నానని అనుకోకండి. 1931-32 చలికాలంలో మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్, ఇంకొందరు ఆస్ట్రియాలో మారీన్‌తాల్ అనే ఊరికి వెళ్లారు. నూలు మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. వీళ్లు వీధిలో మగవాళ్లు ఎంత వేగంగా నడుస్తున్నారో, దారిలో ఎన్నిసార్లు ఆగుతున్నారో గడియారం పెట్టి చూశారు. లైబ్రరీ రిజిస్టర్ తీశారు. ఊళ్లో అందరికీ కావలసినంత ఖాళీ, పుస్తకానికి డబ్బు కట్టక్కర్లేదు, అయినా తీసుకెళ్లే పుస్తకాలు సుమారు సగానికి పడిపోయాయి. పని పోతే మనిషికి కాలం మిగలదు, కాలమే కూలిపోతుంది అన్నది ఆ రిజిస్టర్‌లోంచి బయటికి వచ్చింది. 1933లో పుస్తకంగా వేశారు, ఇప్పటికీ చదువుతున్నారు.

ఇంకో సంగతి. ఆ ఊళ్లో ఎవరూ ఊరికే చూసి రాసుకునేవాళ్లుగా ఉండకూడదని వాళ్లు నియమం పెట్టుకున్నారు. బట్టలు సేకరించి ఇళ్లకు పంచారు, ఉచితంగా డాక్టర్ చేత చూపించారు, కుట్టు క్లాసులు పెట్టారు. ఆ పనులు చేస్తూనే ఇంటింటి సంగతులు తెలుసుకున్నారు.

ఇప్పుడెవరైనా ఇలా చేసి జర్నల్‌కి పంపితే ఏమవుతుందో చెప్పనా. బట్టలు పంచడం వల్ల శాంపిల్ పాడైంది, తిరస్కరించండి అని మొదటి రివ్యూయర్ రాస్తాడు. రెండో ఆయన కాస్త దయగలవాడు, సవరించి పంపమంటాడు. చలి ప్రభావాన్ని లెక్కలోంచి ఎందుకు తీసేయలేదు అని మాత్రం అడుగుతాడు.