సవరణ: తుర్రెబాజ్ ఖాన్ రెసిడెన్సీ దగ్గర చనిపోలేదు

మొన్నటి పోస్టులో, హైదరాబాద్ రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి భవనం) మీద దాడి నడిపిన తుర్రెబాజ్ ఖాన్ ఆ దాడి రోజే, 1857 జులై 17న, దాని గేటు దగ్గరే నేలకొరిగాడని రాశాను. అది తప్పు. షాద్‌నగర్‌లో మాకు చరిత్ర చెప్పిన సారు ఫోన్ చేసి మరీ చెప్పారు, పాఠ్యపుస్తకాల్లోనూ చూసుకున్నాను.

ఆ రోజు ఖాన్ వెంట వచ్చిన రోహిల్లాలు (పఠాన్ యోధులు) రెసిడెన్సీ పక్క ఇళ్లలో చేరి రాత్రంతా తుపాకులు పేల్చారు. బ్రిటిష్ ఫిరంగుల ముందు ఆగలేక తెల్లారేసరికి వెనక్కి తగ్గారు. ఖాన్ తప్పించుకున్నాడు. కొద్ది రోజులకే మన షాద్‌నగర్ పక్కన మొగిలిగిద్దలో దొరికాడు (ఊరి పక్క సంగతే నాకు తెలియకపోవడం సిగ్గే). ద్వీపాంతర శిక్ష వేస్తే, 1859 జనవరిలో జైలు నుంచి పారిపోయాడు. వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. నేను పొరబడింది బహుశా ఇక్కడే. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్నీ జత చేయండి.