ఆ గెలుపు బ్యాట్‌మన్ ఒక్కడిది కాదు

"సిద్ధమయ్యే టైమ్ ఇస్తే సూపర్‌మ్యాన్‌ని బ్యాట్‌మన్ ఓడించేస్తాడు" అని ఒక ఫ్యాన్ రాశారు. నేను ఒప్పుకోను. దీనికి అందరూ చూపించేది ఆ ఇద్దరూ తలపడిన 1986 నాటి 'ది డార్క్ నైట్ రిటర్న్స్' కామిక్స్‌నే. అందులో అణుబాంబు దెబ్బ తిని సూపర్‌మ్యాన్ అప్పటికే నీరసించి ఉన్నాడు. సూపర్‌మ్యాన్ శక్తిని లాగేసే క్రిప్టోనైట్ అనే పదార్థంతో బాణం వేసింది గ్రీన్ యారో అనే మరో హీరో. బ్యాట్‌మన్ కవచానికి వీధి దీపాల కరెంటు కావాల్సి వచ్చింది. ఇన్ని కలిసొస్తే గానీ కుదరలేదు! అంతకన్నా పెద్ద విషయం, సూపర్‌మ్యాన్‌కి అతన్ని చంపాలని లేదు. నాకు బ్యాట్‌మన్ అంటేనే ప్రాణం. ఏ శక్తీ లేని మామూలు మనిషి అంతటివాడికి ఎదురు నిలబడ్డాడు, అందుకే ఇష్టం. కానీ సూపర్‌మ్యాన్ నిజంగా చంపాలనే అనుకుంటే ఆకాశంలోంచి కంటిచూపుతోనే కాల్చేస్తాడు. కవచం తొడుక్కునే టైమ్ కూడా దొరకదు.