లేటైందని డ్రైవర్‌ని తిట్టకండి, స్టాప్‌లో ఆపకుండా పోతే మాత్రం ఊరుకోకండి

బస్సు లేటుగా వచ్చిందని డ్రైవర్ మీద అరవడం మనం మానేయాలి. ముందు ఈ మాట చెప్పేసి మిగతాది రాస్తాను, ఎందుకంటే బస్సుల్లో నేను చూసే గొడవల్లో చాలావాటికి మొదలు అదే. స్టాప్‌లో నిలబడి నిలబడి ఓపిక నశించిన మనిషి ఎక్కుతూనే "ఇప్పుడా రావడం? నిద్రపోయావా?" అంటాడు. డ్రైవర్ వయసులో సగం లేని కుర్రాడు కూడా నువ్వు అనే అంటాడు. డ్రైవర్ తిరిగి ఓ మాట అంటాడు, లేదంటే ఏమీ అనకుండా ఆ కోపమంతా యాక్సిలరేటర్ మీద చూపిస్తాడు, ఆ కుదుపుకి రాడ్ పట్టుకుని నిలబడ్డవాళ్లందరూ ఒకరి మీద ఒకరు పడతారు. మాట అన్నవాడు ఒక్కడు, తూలిపడింది బస్సులో సగం మంది.

అసలు బస్సు ఎందుకు లేటవుతుందో చూడండి. సిగ్నల్ దగ్గరో, రోడ్డు తవ్వేసిన చోటో ఒక బస్సు రెండు నిమిషాలు ఆగిపోయిందనుకోండి. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాప్‌కి ఇంకో నలుగురు వచ్చి చేరతారు. వాళ్లు కూడా ఎక్కాలి కాబట్టి అక్కడ ఇంకాస్త టైం పడుతుంది. ఆ పై స్టాప్‌లో ఇంకా ఎక్కువ మంది ఉంటారు. పోను పోను ఆలస్యం పెరుగుతుందే తప్ప తగ్గదు. వెనకాల వచ్చే బస్సుకేమో స్టాపుల్లో జనమే ఉండరు, ముందు బస్సు అందరినీ ఎక్కించుకుపోయింది కదా, అది గబగబా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఎంతసేపు చూసినా ఒక్కటీ రాదు, వస్తే రెండూ కలిసే వస్తాయి అని మనం విసుక్కునేది దీన్నే. న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లోనే దీన్ని గణితంతో చూపించారు. అయినా డ్రైవర్లిద్దరూ కబుర్లు చెప్పుకుంటూ కలిసి బయల్దేరారని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, పైగా వాళ్ల ముఖం మీదే ఆ మాట అంటారు కూడా.

ఆ ఆలస్యంలో ప్రయాణికుల వాటా తక్కువేమీ కాదు. చిన్న లెక్క వేయండి. ఒక ట్రిప్పులో నలభై మంది ఎక్కారు, ఒక్కొక్కరు డబ్బుల కోసమో, పాస్ కోసమో బ్యాగులో వెతుక్కుంటూ డోర్ దగ్గర ఐదేసి సెకన్లు అదనంగా తీసుకున్నారు. మొత్తం 200 సెకన్లు, అంటే మూడు నిమిషాలు దాటింది. స్టాప్‌లో అంతసేపు ఖాళీగా నిలబడ్డప్పుడు పాస్ బయటికి తీసి పట్టుకోవచ్చు కదా! లోపల మధ్యలో పది మంది పట్టేంత చోటు ఉన్నా అందరూ డోర్ దగ్గరే గుంపుగా నిలబడటం, దిగేవాళ్లు ఇంకా మెట్ల మీద ఉండగానే కిందనుంచి తోసుకుని ఎక్కడం, స్టాప్ వచ్చాక సీట్లోంచి లేచి "ఆపండి ఆపండి" అని కేకలు వేయడం, ఇవన్నీ కలిసే ఆ బస్సుని లేటు చేస్తాయి. చివరి స్టాప్ దగ్గర అందుకు మాటలు పడేది మాత్రం స్టీరింగ్ ముందున్న మనిషి.

ఆ స్టీరింగ్ ముందు కూర్చోవడం గురించి కూడా చెప్పాలి. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన సహచరులు బస్సు సిబ్బంది గుండె జబ్బుల లెక్కలు తీసి 1953లో ప్రచురించారు. బస్సూ అదే, రూటూ అదే. డబుల్ డెక్కర్ మెట్లు రోజంతా ఎక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండె జబ్బులు బాగా ఎక్కువ వచ్చాయి. కదలకుండా కూర్చోవడం గుండెకు చేటని మొదట గట్టిగా చెప్పిన పరిశోధనల్లో అదొకటి. ఆ తర్వాత 1987లో ప్రచురించిన శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధనలో చూస్తే, మిగతా ఉద్యోగస్తుల కంటే బస్సు డ్రైవర్లలో బీపీ ఎక్కువగా కనిపించింది. టైం టేబుల్ ఒత్తిడి, ట్రాఫిక్, పక్కనుంచి వినిపించే మాటలు, కాళ్లు చాపుకోవడానికి వీల్లేని సీటు, అన్నీ ఒకే ఒంటి మీద పడుతుంటే ఇంకేమవుతుంది? పైగా ఏ ఉద్యోగంలోనైనా బాత్రూంకి వెళ్లాలంటే లేచి వెళ్తారు. బస్సు డ్రైవర్ చివరి స్టాప్ దాకా ఓర్చుకోవాలి, అక్కడ విశ్రాంతికి ఇచ్చిన ఐదో పదో నిమిషాలను కాస్తా ఆలస్యం ముందే తినేసి ఉంటుంది. అందుకని డ్యూటీలో నీళ్లు తాగడమే తగ్గించుకునే డ్రైవర్లు ఉన్నారు. ఎండలో, ఇంజన్ వేడి పక్కన కూర్చుని.

అలాంటి మనిషి బండి నడుపుతుండగా పక్కన నిలబడి వాదన పెట్టుకోవడం నాకు అస్సలు మింగుడుపడదు. గంటకు యాభై కిలోమీటర్ల వేగంలో బస్సు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది, అంటే తన పొడవు కంటే ఎక్కువ. మీరన్న మాటకు బదులివ్వాలని ఆయన ఒక్క సెకను తల తిప్పితే అంత దూరం బస్సు రోడ్డు చూడకుండా వెళ్లినట్టే. అప్పుడే ఎవరో బైక్ మీద అడ్డం వస్తారు. గట్టిగా బ్రేక్ వేస్తే లోపల నిలబడ్డవాళ్లు పడిపోతారు, వేయకపోతే బయటివాడి ప్రాణం పోతుంది. ఇలాంటి నిర్ణయాలు రోజూ ఎన్నో తీసుకునే మనిషిని, చిల్లర లేదన్నాడనో, స్టాప్‌కి కొంచెం ముందు ఆపలేదనో కదిలే బండిలో నిలదీస్తామా? వాదించాల్సిందే అయితే బండి ఆగాక వాదించండి. డ్రైవర్ మీద చెయ్యి చేసుకునేవాళ్ల గురించి నేను మర్యాద అనే మాట కూడా వాడను, అది నేరం, దానికి పోలీసులున్నారు.

ఇంత చెప్పాను కదా అని డ్రైవర్లందరూ దేవుళ్లనడం లేదు. ఇప్పుడు రెండో వైపుకి వస్తాను, ఇక్కడ నాకు కోపం ఇంకా ఎక్కువ.

స్టాప్‌లో జనం చేతులెత్తి నిలబడి ఉండగా, లోపల ఖాళీ ఉండి కూడా ఆపకుండా వెళ్లిపోవడం ఏం పద్ధతి? ఆపినా స్టాప్ దాటి ఎంతో ముందుకెళ్లి ఆపడం, సంచులు మోసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుని వాళ్లంతా పరిగెత్తుకుని వచ్చేలోపు కదిలించేయడం ఏమిటి? రూటు తెలియని మనిషి "బాబూ, ఈ బస్సు ఆసుపత్రికి పోతుందా?" అని అడిగితే తల కూడా తిప్పకుండా ఊరుకోవడం ఏమిటి? నడి రోడ్డు మీద, పక్కనుంచి బళ్లు దూసుకుపోతుండగా డోర్ తీసి దిగమనడం మరీ ఘోరం. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషిని చూసి, ర్యాంప్ దించాలంటే లేటవుతుందని చూడనట్టు పోయేవాళ్లను ఏమనాలో నాకు మాట రావడం లేదు. వీటిలో కొన్నిటికి వెనక టైం టేబుల్ ఒత్తిడి ఉండొచ్చు, ఉందనే నేనూ నమ్ముతాను. కానీ ఆ ఒత్తిడిని తీసుకెళ్లి స్టాప్‌లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి మీద దించే హక్కు డ్రైవర్‌కి ఎవరూ ఇవ్వలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పెద్దవాళ్లు కూర్చోకముందే బస్సు కదిలించడం. ఏ గుద్దుడూ లేకుండానే బస్సు లోపల పడి దెబ్బలు తగిలించుకునేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ, అదీ బస్సు కదిలేటప్పుడో, బ్రేక్ పడేటప్పుడో. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ మామూలుగా నడవడం అందరి వల్లా కాదు. ఇది ఆపడానికి డబ్బు అక్కర్లేదు, కొత్త బస్సులు అక్కర్లేదు, అద్దంలోకి ఒక్క చూపు చాలు.

అలా చూసే డ్రైవర్లు ఉన్నారు కాబట్టే ఇంత గట్టిగా అడుగుతున్నాను. మొన్న ముందు సీట్లో కూర్చుని ఒకాయన నడపడం చూశాను. ఒక పెద్దావిడ ఎక్కుతోంది, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఒక చేత్తో రాడ్, ఇంకో చేతిలో సంచి. వెనకనుంచి ఎవరో "పోనివ్వండి సార్, పోనివ్వండి" అంటున్నారు. ఆయన మాట్లాడలేదు. చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంది, కళ్లు పైనున్న అద్దంలో ఉన్నాయి. ఆవిడ సీటు అంచు పట్టుకుంది, మెల్లగా తిరిగింది, కూర్చుంది, సంచి ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు తుస్సుమని బ్రేక్ వదిలాడు. అంతా కలిపి పది సెకన్లు పట్టిందో లేదో. ఆ తర్వాత కూడా ఆయన ఒక్కసారీ విసురుగా బ్రేక్ వేయలేదు, ముందు బండి ఎర్ర లైటు వెలగగానే కాలు మెల్లగా ఆనించి దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ వచ్చాడు. ఆవిడ దిగేటప్పుడు "వెళ్లొస్తా నాయనా" అంది. ఆయన "మెల్లగా అమ్మా, ఎడమ పక్క చూసుకుని దిగండి" అన్నాడు. ఎడమ పక్క నిజంగానే ఒక బైక్ సందు చేసుకుని వస్తోంది.

మర్యాదంటే నవ్వుతూ నమస్కారాలు పెట్టుకోవడం అనుకుంటారు చాలామంది. నవ్వకపోయినా నాకు ఫర్వాలేదు, ఎనిమిది గంటలు నవ్వుతూ బండి నడపమని ఏ మనిషినీ అడగలేం. ఆ పది సెకన్లు ఆగితే చాలు, నేను అడిగే మర్యాద అదే.

"ఇది కూడా ఒక సమస్యేనా, ఇంతకంటే పెద్దవి లేవా" అనే కామెంట్ వస్తుందని తెలుసు. 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాళ్ల కోసం తన సీటు వదలనని చెప్పి అరెస్టైన సంగతి చాలామందికి తెలుసు. అక్కడ నల్లజాతి ప్రయాణికులు ముందు డోర్ దగ్గర డబ్బు కట్టి, మళ్లీ కిందికి దిగి, వెనక డోర్ దాకా నడిచి ఎక్కాలనేవారు. అలా నడుస్తుండగానే బస్సు కదిలించుకుని పోయిన డ్రైవర్లు ఉన్నారు, డబ్బు వాళ్ల దగ్గర, మనిషి రోడ్డు మీద. 1955లో ఆమెను అరెస్టు చేయించిన డ్రైవరే 1943లో కూడా, వెనక డోర్ నుంచి ఎక్కలేదని ఆమెను బస్సులోంచి దించేశాడు. డిసెంబరు 5న బస్సుల బహిష్కరణ మొదలైంది. ఆ రోజు వాళ్లు పెట్టిన మూడు డిమాండ్లలో మొదటిది ఏమిటో తెలుసా? డ్రైవర్లు మాతో మర్యాదగా ప్రవర్తించాలి అని. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ విడివిడి సీట్ల పద్ధతినే పూర్తిగా ఎత్తేయాలన్న మాట కూడా ఆ మొదటి జాబితాలో లేదు, మర్యాద ఉంది. 381 రోజులు నడిచి పనులకు వెళ్లారు ఆ జనం. రోజూ తగిలే అవమానం ఎంత బరువో వాళ్లను చూసి తెలుసుకోవాలి. ప్రయాణికుడిని చూడనట్టు పోయే డ్రైవరైనా, డ్రైవర్‌ని మనిషిగా లెక్కచేయని ప్రయాణికుడైనా ఎదుటివాళ్ల మీద మోపుతున్నది ఆ బరువే.

ఈ రెండు తప్పులూ సమానమని మాత్రం నేను అనను. ప్రయాణికుడి మాట డ్రైవర్ మనసుని పాడుచేస్తుంది, ఆ రోజంతా వెంటాడుతుంది, నిజమే. కానీ బ్రేకూ డోరూ డ్రైవర్ చేతిలో ఉన్నాయి. రాత్రి చివరి బస్సు ఆపకుండా పోతే ఒంటరిగా స్టాప్‌లో నిలబడ్డ ఆడపిల్లకు ఇంకో దారి లేదు. అందుకే డ్రైవర్ల నుంచి కొంచెం ఎక్కువే అడుగుతాను, వాళ్లకు జరిగే అన్యాయం తెలిసీ అడుగుతాను.

ఆపకుండా పోతే ఏం చేయాలి? రూటు నంబరు, బస్సు నంబరు, స్టాప్ పేరు, టైం రాసుకుని ఫిర్యాదు పెట్టండి. "మీ డ్రైవర్లందరూ ఇంతే" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు, ఎప్పుడు ఎక్కడ అని రాస్తేనే అక్కడ ఎవరున్నారో తేలుతుంది. ఫొటో తీసి ఆ మనిషి ముఖాన్ని ఊరంతా తిప్పకండి, ఆ ఒక్క నిమిషం ముందు ఏం జరిగిందో మీకు తెలియదు. అదే ఓపికతో బాగా నడిపినవాళ్ల గురించి కూడా రాయండి. డిపోకి చేరే ఉత్తరాలన్నీ తిట్లే అయితే, మంచిగా నడిపినా నడపకపోయినా ఒకటేలే అని ఆ డ్రైవర్ అనుకోవడంలో తప్పేముంది?

దిగేటప్పుడు ఒక మాట చెప్పడం కూడా అలవాటు చేసుకుందాం, థాంక్స్ అనో, వస్తాననో ఏదో ఒకటి అనండి. టర్కీలో పరిశోధకులు షటిల్ బస్సుల దగ్గర ఒక ప్రయోగం చేశారు. డ్రైవర్‌ని పలకరించి, థాంక్స్ చెప్పి, శుభం కోరమని కొంతమంది ప్రయాణికులతో అన్నారు. అలా చేసినవాళ్ల మనసు, చేయనివాళ్ల కంటే తేలికగా ఉందట. చెప్పినవాళ్లకే అంత బాగుంటే విన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఇక బస్సులు నడిపించే పెద్దలకు ఒకే ఒక్క విన్నపం. మర్యాద మీద ఒక పూట క్లాసు పెట్టి, "ప్రయాణికులే మన దేవుళ్లు" అని బోర్డు రాయించి చేతులు దులుపుకోకండి. ఆ రూటులో పీక్ టైంలో ఒకసారి మీరే కూర్చుని వెళ్లండి, పెద్దావిడ కూర్చునేదాకా ఆగుతూ, ప్రతి స్టాప్‌లో ఆపుతూ వెళ్తే ఎంత టైం పడుతుందో చూడండి, టైం టేబుల్లో అంత టైం వేయండి. చివరి స్టాప్ దగ్గర శుభ్రమైన బాత్రూం కట్టించండి, ఆడ డ్రైవర్లకు కూడా. ఆలస్యానికి జీతం కోస్తే ఆ కోత నేరుగా మెట్ల మీదున్న ముసలివాళ్ల మీద పడుతుంది.