సంతకం పెడితే తెలివైనవాడే

వైద్యశాస్త్రం ఇంకా మందు కనిపెట్టని జబ్బు ఒకటుంది. రోగి నోటివెంట "వద్దండీ" అన్న మాటగా బయటపడుతుంది.

"సరే" అనే రోగితో మాకే ఇబ్బందీ లేదు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చినా, "ఎక్కడ సార్, ఇక్కడేనా?" అంటూ నర్సు వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసేస్తాడు. మేం దాన్ని అన్నీ తెలుసుకుని ఇచ్చిన సమ్మతి అంటాం. పక్క మంచం మనిషి మాత్రం ఆరు పేజీలూ చదివి, మూడో పేజీలో అచ్చుతప్పు చూపించి, "ఆపరేషన్ చెయ్యండి, రక్తం మాత్రం ఎక్కించొద్దు, మా మతంలో కూడదు" అంటాడు. అంతే, మానసిక వైద్యుడికి కబురు. ఇవాళ ఏ వారం? 100లోంచి 7 చొప్పున తీసేస్తూ రండి. సంతకం పెట్టినాయన్ని ఇదెవరూ అడగలేదు. అడిగుంటే 93 దగ్గరే ఆగిపోయేవాడని నా అనుమానం.

యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్లు 1945 నుంచి రక్తం ఎక్కించుకోవడం నిషిద్ధం అంటున్నారు. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వద్దు. ప్లాస్మాలోంచి తీసిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం ఎవరి మనస్సాక్షి వాళ్లది. ఇదేం లెక్కని మావాళ్లు నవ్వుకుంటారు. మా లెక్కలు అలా కాదు. హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గితే రక్తం ఎక్కించాలని దశాబ్దాల పాటు నమ్మాం. నిలకడగా ఉన్న రోగుల్లో చాలామందికి 7 దాకా ఆగినా ఫరవాలేదని 1999లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. మేం మార్చుకుంటే దాన్ని శాస్త్రం పురోగమించడం అంటారు, వాళ్లు మార్చుకుంటే మాత్రం నవ్వులాట.

ఇక కోర్టులు. కెనడాలో రోడ్డు ప్రమాదంలో స్పృహ తప్పిన ఒకావిడ పర్సులో "నాకు రక్తం వద్దు" అన్న కార్డు దొరికింది. డాక్టరు దాన్ని చూసీ రక్తం ఎక్కించాడు. ఆవిడ బతికింది. బతికి ఏం చేసిందీ, దావా వేసింది! 1990లో అప్పీలు కోర్టు కూడా 20,000 డాలర్ల పరిహారం సబబేనంది. వైద్యంలో లోపం లేదట, వద్దన్న ఒంటిమీద చెయ్యి వేయడమే తప్పట.

పోనీ, ఆ "వద్దు" రోగి సొంత మాటేనా, పక్కనున్నవాళ్లు అనిపించిందా? తేల్చాలంటే తల్లిని, భర్తని, మతపెద్దని బయటికి పంపి ఒంటరిగా అడగాలి. మంచి పద్ధతే. కానీ ఒత్తిడి తెచ్చేవాళ్లంతా బయటికెళ్లాలంటే ముందు వెళ్లాల్సింది తెల్లకోటు. అప్పుడు అడిగేదెవరు?

మాకు మిగిలిన ఊరట పిల్లలు. తల్లిదండ్రులు తామైతే అమరవీరులు కావచ్చు గానీ పిల్లల్ని అమరవీరుల్ని చేసే హక్కు లేదని 1944లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వీధిలో మతపత్రికలు పంచిన పిల్ల గురించి, రక్తం ఊసే లేదు. అయినా ఆ వాక్యం మాకు కంఠతా వచ్చు.

ఇంగ్లండులో ఓ కుర్రాడికి లుకేమియా, అంటే రక్తకాన్సర్. పదహారు ఇంకా నిండలేదు. రక్తం వద్దన్నాడు. జడ్జి స్వయంగా మాట్లాడి, కుర్రాడి తెలివినీ నెమ్మదినీ మెచ్చుకుని, ఎక్కించమని ఉత్తర్వు ఇచ్చాడు. ఎక్కించారు. పద్దెనిమిది నిండాక అతను మళ్లీ వద్దన్నాడు. అప్పుడతని మాటే చెల్లింది. చనిపోయాడు.